రత్నం సారు నీళ్లు

పోయిన వారం అనంతపురంలో మా మనవరాలు మానస ఇంటికి వెళ్లేసరికి ముందుగదిలో పంచాయతీ నడుస్తోంది. గోడవారన కొత్త గాజుతొట్టి, దాని ముందు నేల మీద మూడు అట్టపెట్టెలు, వాటి మధ్య బాసిపట్లు వేసుకుని కూర్చున్న చేపల అంగడాయన. ఒక్కో పెట్టెలో ఒక్కో రకం ఫిల్టరు. ఒకటి లోపల బొగ్గు పోసి తొట్టి వెనక తగిలించేది, ఒకటి నీళ్లలోనే మునిగి ఉండేది, మూడోది ఉత్త స్పాంజి ముక్కకు గాలిగొట్టం తగిలించినది. నన్ను చూడగానే మానస చేయి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. "తాతా, నువ్వే చెప్పు. సైన్సు, సైన్సు అని ఊరూరా తిరిగి మాట్లాడినోడివి కదా. ఈ మూడింట్లో ఏది మంచిది?" అంది. అంగడాయన ఊరుకోలేదు. "ఈ బొగ్గుది తీసుకోండి సార్. నీళ్లు ఉండాయో లేవో కూడా తెలీదు. అంత తేటగా ఉంటాయి" అంటూ ఒక పొట్లం విప్పి నా చేతిలో కాస్త బొగ్గుపలుకు పోశాడు. ముక్కుకు ఆ పొడి వాసన తగిలింది. యాభై ఏళ్లు సభల్లో నిలబడి, అడిగిన ప్రతి ప్రశ్నకూ, అడగని వాటికి కూడా జవాబు చెప్పినవాణ్ని. ఈసారి మాత్రం "నాకు తెలీదమ్మా" అని లేచి బాల్కనీలోకి పోయి నిలబడ్డాను. అవతలి మేడ మీద నల్లటి ప్లాస్టిక్ ట్యాంకులు వరుసగా ఎండలో మాడుతున్నాయి. అరచేతికి బొగ్గు అంటుకునే ఉంది.

మేము చిన్నప్పుడు ఉన్న ఇల్లు ఇదే ఊళ్లో, అప్పటి ఊరి అంచున. నాయన వేరుశనగ బుడ్డల మిల్లులో గుమాస్తా. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇంటిని నడిపేది నాయన తల్లి, మా అవ్వ. ఆ ఇంట్లో రోజు అంటే నీళ్లే. తెల్లవారకముందే అవ్వ లేచి, నిన్నటి నీళ్లు ఎన్ని మిగిలి ఉన్నా సరే, కడవలన్నీ వంచేసేది. వాకిట్లో కొంత చల్లేది, మునగచెట్టుకు కొంత పోసేది, కడవలు చింతపండుతో తోమి, అప్పుడు దిగుడుబావికి బయలుదేరేది. తెచ్చిన నీళ్లు ఎర్రగా ఉండేవి. కుండ లోపలి అంచుకు చిల్లగింజ తిప్పితిప్పి అరగదీసి మూత పెడితే మధ్యాహ్నానికి మన్ను అడుగుకు దిగేది. మా ఇంటికంతా ఆ వాసనే: తడిసిన మన్ను, అరిగిన చిల్లగింజ, చింతపండు, ఇత్తడి. వానలు వెనక్కుపోయిన ఏళ్లలో బావి మెట్లు ఒక్కొక్కటే బయటపడేవి. ముప్పై మెట్లు దిగి చెంబుతో ముంచి పోసుకోవలసి వచ్చిన రోజుల్లో కూడా అవ్వ పొద్దున్నే కడవ వంచేది.

ఆ కడవ మీదే నా మొదటి యుద్ధం. ఆదివారం పూట ఊళ్లో పఠనమందిరంలో చర్చలు జరిగేవి. మీసం ఇంకా రాని నేను బల్ల గుద్ది మాట్లాడేవాణ్ని. ఒక ఆదివారం నా విషయం 'పాచి'. మన భాషలో ఈ మాటకు రెండు అర్థాలు. నీళ్లలో పెరిగే పచ్చటి జిగురు ఒకటి. రాత్రి దాటినది, నిన్నటిది, కాబట్టి అంటకూడనిది అనేది రెండోది: పాచి ముఖం, పాచి నోరు, పాచి నీళ్లు. "మూతపెట్టిన కడవలో నీళ్లు నిద్రపోతాయా? నిద్రపోయి లేస్తే వాటి నోరు వాసన కొడుతుందా?" అని అడిగితే మందిరం అంతా చప్పట్లు. ఇంటికొచ్చి అదే ప్రశ్న అవ్వను అడిగాను. అవ్వ కడవ తోముతూనే అంది: "చప్పట్లు కొట్టినోళ్లను పిల్చకరా. వాళ్లకు ఈ పాచి నీళ్లు లోటాతో ఇచ్చి చూద్దాం, ఎవురు తాగుతారో." నేను తాగుతానన్నాను. తాగాను కూడా, పంతానికి. తర్వాత దొడ్లోకి పోయి కొత్త నీళ్లతో నోరు పుక్కిలించాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాకంటే మూడేళ్లు పెద్దది మా సుభద్రక్క. నవ్వించడంలో, వెక్కిరించడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ ఏడు సంక్రాంతి దాటిన కొన్నాళ్లకు ఆమెకు నారికురుపు లేచింది. ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తాగిన నీళ్లతో ఒంట్లోకి పోయిన పురుగు ఏడాది తర్వాత కాలి చర్మం చీల్చుకుని తెల్లటి దారంలా తల బయటపెట్టేది. దాన్ని లాగకూడదు. తెగిందంటే కాలు మొత్తం చీము పడుతుంది. బయటికొచ్చినంత మేర చీపురుపుల్లకు చుట్టి, కట్టు కట్టి, మరునాడు ఇంకో చుట్టు తిప్పాలి. రోజుకు అంగుళం వస్తే గొప్ప. అక్క ఎడమకాలి మడమ పైన ఒకటి, పిక్కలో ఇంకొకటి. నడవలేదు, నిలబడలేదు. పంచలో నులకమంచం మీద, ఎదురుగోడ చూస్తూ, వారాలకు వారాలు. "గోడకు నా ముఖం విసుగొచ్చింటాదిరా. దానికన్నా ఏమన్నా చూపీయండి" అనేది.

మా ఇంటికి నాలుగిళ్లవతల రత్నం సారు ఒక్కరే ఉండేవారు. బడిలో సైన్సు పంతులు. క్రైస్తవులు. మా వీధిలో అందరూ ఆయనను సారు అని పిలిచేవాళ్లు, ఎవరూ ఆయన చేతి నీళ్లు తాగేవాళ్లు కాదు. ఆయన ఇంట్లో ఇనపచట్రం బిగించిన గాజుతొట్టి, అందులో బెంగళూరు నుంచి మూతడబ్బాలో తెచ్చిన మూడు బంగారుచేపలు ఉండేవి. కాలు బాగున్న రోజుల్లో అక్క వాటి కోసమే ఆ ఇంటి కిటికీ దగ్గర నిలబడేది. ఆయనకు విడపనకల్లు అవతల ఏదో పల్లెకు బదిలీ అయింది. వెళ్లే ముందురోజు, తొట్టిని నీళ్లతో సహా ఇద్దరు హమాలీల చేత మోయించుకుని మా వాకిట్లోకి వచ్చారు. "అమ్మాయి మంచం పక్కన పెట్టుకోండప్పా. కాలు మానేదాకా తోడుంటాయి" అన్నారు.

అవ్వ గడప మీద నిలబడింది. "చేపలు రానీ. నీళ్లు మాత్రం ఆడనే ఒంపేయండి. మా నీళ్లు మేం పోసుకుంటాం." సారు ముఖంలో ఏమీ కదల్లేదు. అలాంటి మాటకు అలవాటు పడిన ముఖం అది. "అవ్వా, ఆ నీళ్లు పోతే చేపలు పోతాయి" అని మాత్రం అన్నారు. అప్పుడు నేను అందుకున్నాను. పఠనమందిరంలో మాట్లాడినవన్నీ వాకిట్లో నిలబడి మాట్లాడాను. నీళ్లకు కులమెక్కడిది, మతమెక్కడిది, ఈ గడప దేన్ని ఆపుతోంది అని. హమాలీలు బరువు మోస్తూ వింటున్నారు. చివరికి లోపలి నుంచి అక్క అరిచింది: "రేయ్, నీ ఉపన్యాసం అయ్యేలోగా వాళ్ల భుజాలు ఊడిపోతాయి. లోపలికి రానీయవ్వా. తప్పు తగిల్తే నాకు తగల్నీ. ఇంతకన్నా నాకేం తగలాల?" నాయన తల వంచుకుని "రానీలేమ్మా" అన్నాడు. అవ్వ పక్కకు జరిగింది. ఆ తొట్టి గడప దాటిన క్షణం, నా జీవితంలో నేను గెలిచిన మొదటి వాదం.

సారు వెళ్తూ ఒక కాగితం ఇచ్చారు. గుండ్రటి అక్షరాలు. నీళ్లు మొత్తం ఒకేసారి మార్చవద్దు. కొత్త నీళ్లు పోయాలంటే బకెట్లో ఒకరోజు నిలవ ఉంచి కొద్దికొద్దిగా పోయాలి. రొట్టెపొడి చిటికెడు మించవద్దు. చివరి మాట కింద గీత గీసి ఉంది: పాచి తీయవద్దు.

ఆ తర్వాతి నెల మా ఇంట్లో అందరూ ఆ తొట్టి చుట్టూ తిరిగారు. అక్క వాటికి పేర్లు పెట్టింది. లావుది తాసిల్దారు, దాని వెనకే తిరిగేది గుమాస్తా, మూలన ఒంటరిగా కాపలా కాసేది డఫేదారు. గుమాస్తా తాసిల్దారు తోక కొరికిన రోజున నాయన మిల్లు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే నిలబడి చాలాసేపు నవ్వాడు. పుల్లకు పురుగును చుట్టే వేళ అక్క పళ్లు కరుచుకుని ఆ చేపలనే చూసేది. పూర్వం ఆ సమయంలో ఆమె అరుపు వీధి చివరిదాకా వినిపించేది. అవ్వ తొట్టికి తన చీర తగలకుండా చుట్టు తిరిగి పోయేది గానీ, పోతూపోతూ "ఏమప్పా తాసిల్దారూ, పన్ను కట్టమంటావా?" అని ఒక మాట విసిరేది.

ఎండలు ముదిరాయి. గాజు లోపలి ముఖం పచ్చబారింది. అడుగున పరిచిన గులకరాళ్లకు పాచి పట్టింది. నీళ్లు లేత ఆకు రంగుకు వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఆరోగ్యశాఖ నుంచి ఒకాయన మా వీధికి వచ్చి, గోడకు బొమ్మ తగిలించి, నారికురుపు ఎలా వస్తుందో చెప్పాడు. మురికినీళ్లలో కంటికి కనిపించీ కనిపించని పురుగులుంటాయి, వాటితోనే జబ్బు లోపలికి పోతుంది, గుడ్డతో వడకట్టి తాగండి అన్నాడు. ఆయన చెప్పింది తాగే నీళ్ల గురించి. నేను విన్నది లోకంలోని నీళ్లన్నిటి గురించి. ఇంటికొచ్చి చూస్తే మా అక్క మంచానికి జానెడు దూరంలో అంత పచ్చటి నీళ్లు. నా ఒళ్లు మండింది. నాకు సమాధానం దొరికింది, శత్రువు దొరికాడు. ఆ వయసులో ఇంకేం కావాలి?

ఏ పద్ధతిలో శుద్ధి చేయాలన్నది పలక మీద రాసుకుని ఆలోచించాను. చిల్లగింజ అవ్వది కాబట్టి మొదటే కొట్టేశాను. పటిక ఒకటి, బొగ్గు, ఇసుక, గులక పోసిన మూడు కుండల వడపోత ఒకటి, బావుల్లో వేసే బ్లీచింగు పొడి ఒకటి, కాచి చల్లార్చడం ఒకటి. ఏది మంచిదో తేల్చుకోలేక మొదటి మూడూ కలిపి చేద్దామనుకున్నాను. అక్కకు చెప్తే భయపడింది. "వద్దురా. సారు రాసిచ్చినాడు కదా, పాచి తీయొద్దని." నేను నవ్వాను. "సైన్సు చదివిన సారు గూడా పాచి అంటాడు, అవ్వ గూడా పాచి అంటుంది. ఇద్దరూ నిన్నటిని పట్టుకుని ఏలాడేవాళ్లే" అన్నాను. వాక్యం బాగుందని నాకు నేనే మురిసిపోయాను. ఒకరు ఉంచమన్నారు, ఇంకొకరు పారబోయమన్నారు అన్న తేడా కూడా నాకు ఆనలేదు. "ఆ నీళ్ల వల్లనే నీ కాలు మానకపోతే?" అని అడిగాను. అక్క కట్టు కట్టిన కాలి వైపు చూసుకుంది. ఆ కాలిని చూపించి ఆమెను దేనికైనా ఒప్పించవచ్చని నాకు తెలుసు.

చేపలను కాగులోకి తీసి, తొట్టి నీళ్లన్నీ మునగచెట్టు పాదులో ఒంపాను. కొబ్బరిపీచు, ఇసుక పెట్టి గాజు తోమాను. రాళ్లను ఉతికి ఎండలో తెల్లగా అయ్యేదాకా ఆరబెట్టాను. మూడు కుండల్లోంచి చుక్కచుక్కగా దిగిన నీళ్లలో పటిక తిప్పి, చిటికెడు బ్లీచింగు వేశాను. సాయంత్రానికి తొట్టి నిండింది. నీళ్లు లేవన్నట్టే ఉంది. గాలిలో మూడు చేపలు ఈదుతున్నట్టుంది. వీధిలో వాళ్లను పిలిచి చూపించాను. అవ్వ సైతం దగ్గరికి వచ్చి చూసింది. "ఇప్పుడు ముట్టుకోవచ్చు" అంది. అది మెచ్చుకోలు అనుకున్నాను.

మరుసటి పొద్దున నేను బావికి పోయాను. అవ్వ దొడ్లో ఉంది. వెలుగు రాగానే అక్కకు కనిపించింది: మూడూ నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తాసిల్దారు పక్కకు ఒరిగి, సర్దుకుని, మళ్లీ ఒరిగింది. అక్క చేయి చాస్తే గాజు తగులుతుంది, అంతే. లేవలేదు. పిలిచింది, ఎవరికీ వినపడలేదు. నేను కడవతో వచ్చేసరికి తాసిల్దారు వెల్లకిలా తేలుతోంది. అక్క కళ్లు గాజు మీదే ఉన్నాయి. "చాలాసేపు పట్టిందిరా" అంది.

ఎక్కడ తప్పు జరిగిందో నాకు తెలియలేదు. తెలియనప్పుడు ఆగాలన్నది కూడా తెలియలేదు. బ్లీచింగు ఎక్కువైందేమో అనుకుని ఆ నీళ్లూ పారబోసి, కాచి చల్లార్చిన నీళ్లు పోశాను. కాచిన నీళ్లలో చేపలు పీల్చుకోవడానికి గాలి మిగలదని అప్పటికి నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. మధ్యాహ్నానికి గుమాస్తా పోయింది. డఫేదారు మూలన, ఎప్పటిలాగే కాపలా కాస్తున్నట్టు, కానీ తల పైకెత్తి ఉంది. అప్పుడు అవ్వ వంటింట్లోంచి కడవ ఎత్తుకుని వచ్చింది. చంకలో కడవ, ముఖంలో సిగ్గు. "నిన్నటి నీళ్లురా ఇవి. పొద్దున ఎందుకో ఒంచబుద్ధి కాలేదు. ఒకరోజు నిలవుండాలని ఆ సారు చెప్పినాడంటివి కదా. పొయ్" అంది. డెబ్బై ఏళ్లలో అవ్వ నిన్నటి నీళ్లు దాచిన రోజు అదొక్కటే. నేను పోశాను. డఫేదారు కిందికి దిగింది.

ఆ తర్వాత నేను పాచి కోసం తిరిగాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. చేతిలో రేకుడబ్బా పట్టుకుని దిగుడుబావికి, చెరువు తూము దగ్గరికి, బట్టలుతికే బండల దగ్గరికి, గుప్పెడు పచ్చటి పాచి కోసం ఎండలో తిరిగాను. తూము ఎండిపోయి ఉంది. బావి మెట్ల మీది పాచి కాగితంలా పెళుసెక్కి, గోకితే పొడి రాలింది. ఆ పొడే డబ్బాలో వేసుకొచ్చి తొట్టిలో చల్లాను. పైన తేలింది. సారుకు కార్డు రాశాను. అవ్వ రోజూ ఒక చెంబుడు నిన్నటి నీళ్లు పక్కన పెట్టేది, బావిలో చెంబు మునగని రోజుల్లో కూడా. డఫేదారు తొమ్మిది రోజులు బతికింది. పదో రోజు అక్క నన్ను పిలవలేదు. నేనే చూశాను.

సారు జవాబు ఆ తర్వాత వచ్చింది. "నీళ్లు మార్చినందుకు బాధపడవద్దు. ఇక్కడ బావి గట్టు నన్ను ఎక్కనివ్వరు. ఎవరైనా వచ్చి నా బిందెలో పైనుంచి పోసేదాకా కింద నిలబడి ఉంటాను. కొన్ని రోజులు ఎవరూ రారు. ఆ చేపలను వెంట తెచ్చుకుంటే వాటికి నీళ్లు ఎక్కడినుంచి తేగలను? అందుకే మీ ఇంట్లో వదిలాను. అమ్మాయి కాలు ఎలా ఉంది?" అక్కకు చదివి వినిపించాను. ఆమె పుల్లకు ఒక చుట్టు తిప్పి, కట్టు బిగించుకుని, తల ఎత్తకుండానే అంది: "అవ్వ ఆయప్ప నీళ్లను వాకిట్లోనే ఆపాలని చూసింది. నువ్వు కొట్లాడి లోపలికి తెచ్చి పారబోసినావు." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే వాదించి ఉండేవాణ్ని.

అక్క కాలు వానలొచ్చాక మానింది. కొంచెం వంకరగా మానింది. ఆ వంకర నడకతోనే బతికి, ఇద్దరు పిల్లలను పెంచి, ముందటేడు పోయింది. ఆ తొట్టి ఊసు మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. సారుకు నేను రెండో కార్డు రాయలేదు. ఆ బావి గట్టు గురించి తర్వాత వందసార్లు వేదికల మీద మాట్లాడాను. మాట్లాడటం వేరు. బిందె పట్టుకుని కింద నిలబడిన మనిషికి ఆ పూట నీళ్లు కావాలి. నేను శుద్ధి అన్నది అవ్వ మడికి వ్యతిరేకం అనుకున్నాను. తెల్లటి రాళ్లు, తేట నీళ్లు, ఏదీ అంటని గాజు. అది కూడా మడే. అవ్వ మడికి రోజుకొక కడవ నీళ్లు పోయేవి, నా మడికి మూడు ప్రాణాలు పోయాయి.

నేను బాల్కనీలోంచి లోపలికి వచ్చేసరికి మానస స్పాంజిది తీసుకుంది. అంగడాయన గొట్టం బిగిస్తూ ఆమెకు చెప్తున్నాడు: "స్పాంజిని కుళాయి కింద కడగాకండి మేడం. అందులో మంచి బ్యాక్టీరియా ఉంటాది, అదే చేపలకు కాపలా. నీళ్లు బకెట్లో పట్టి ఒకరోజు నిలవ పెట్టి పోయండి." సారు కాగితంలో గీత గీసిన మాటకు ఇప్పుడు ఇంకో పేరొచ్చింది. ఆ సాయంత్రం మానస రెండు బకెట్లు నింపి స్నానాలగది పక్కన వరసగా పెట్టింది. వాళ్ల మేడలో కుళాయి రెండు రోజులకొకసారి వస్తుంది.

పొద్దున్నే లేవడం నాకు అలవాటు. అందరికంటే ముందు లేచాను. ముఖం కడుక్కోవడానికి పోతూ, ఇంకా కళ్లు పూర్తిగా విప్పకుండానే, మొదటి బకెట్టు వంచాను. రెండోది వంచుతుండగా వెనక నుంచి మానస కేక వినపడింది. "తాతా! చేపల నీళ్లవి! యాల పారబోస్తాండావు?"

నీళ్లు జాలీలోంచి గుడగుడమంటూ దిగిపోతున్నాయి. చేతిలో ఖాళీ బకెట్టు. నేను ఆలోచించుకునే లోపే నా నోరు జవాబు చెప్పేసింది, మా అవ్వ గొంతుతో.

"పాచి నీళ్లు కదమ్మా."